బిలాక్సీ తీరము – వైద్యుడు మేసన్

కోరాపుట్, రాయగడ జిల్లాలకు సముద్రము లేదు. మన పిల్లలు దానిని చూడవలెనన్న రైలెక్కి విశాఖపట్టణము పోవలెను. అచ్చట నీటిలో దిగు బాలుని ఒంటిరంగును ఎవ్వరును విచారింపరు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమందలి బిలాక్సీ పట్టణమున ఒకప్పుడు అట్లు కాదు. 26 మైళ్ల యిసుకతీరము నల్లవారికి నిషిద్ధము.

1955లో అచ్చట వైద్యవృత్తి ప్రారంభించిన గిల్బర్ట్ మేసన్ నల్లజాతివాడు. 1959 మే 14న చిన్నవాడైన కుమారునితోను, మిత్రునితోను, మరికొందరు పిల్లలతోను ఈతకు దిగగా పోలీసులు వెడలగొట్టిరి. తీరమునానుకొని యిండ్లున్నవారు అది తమ సొంతమనిరి. ప్రభుత్వధనముతో ఇసుక పోసి నిర్మించిన తీరము ప్రజలందరిదని మేసన్ వాదము. మన రాజ్యాంగపు 15వ అధికరణమును చదివినవారికి ఈ మాట క్రొత్త గాదు. ప్రభుత్వధనముతో నిలుచు బావులు, చెరువులు, స్నానఘట్టములు ఎవరికిని మూయరాదని అందున్నది. కాగితముపై నున్నది ఊరిబావి దాక వచ్చుట వేరు సంగతి.

1960 ఏప్రిల్ 24న సుమారు 125 మంది మేసన్ వెంట తీరమునకు నడచిరి. తెల్లవారి గుంపు గొలుసులతో, ఇనుపగొట్టములతో పైబడెను. గాయపడినవారికి ఆ వైద్యుడే చికిత్స చేసెను. 1968లో గాని న్యాయస్థానము తీరమును అందరికిని తెరువలేదు.

బడి విషయమునను ఆయన కుమారుని పేరుతోనే వ్యాజ్యము నడచెను. 1964లో బిలాక్సీ తెల్లవారి బడులలో నల్లపిల్లలు ప్రవేశించిరి. అదియు తొలుత ఒకటవ తరగతికి మాత్రమే. వ్యాజ్యమున పేరున్న బాలుడు అప్పటికే ఆ తరగతి దాటిపోయెను.