తుప్పు గోకేముందు

రైల్వేలో ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేరి, డీజిల్ షెడ్డులో రిటైరైనవాణ్ణి నేను. పెద్దవాడు లండన్‌లో స్థిరపడ్డాక వేసవికి అక్కడికి వెళ్లడం అలవాటైంది. వెళ్లినవాళ్లంతా రాజుగారి కోట చూస్తారు, నేను మురుగునీటి పంపుహౌసు చూస్తాను. కోడలు మొదట్లో నవ్వేది, ఇప్పుడు పులిహోర కట్టి పంపిస్తోంది. పాత యంత్రాలంటే మోజుపడే కుర్రాళ్లు అప్పుడప్పుడూ సలహా అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు అది ఏ పనికి పుట్టిందో కనుక్కోండి.

నేను చూసే ఆ పంపుహౌసు పేరు క్రాస్‌నెస్, లండన్‌కి ఆగ్నేయాన, థేమ్స్ ఒడ్డున ఉంటుంది. 1858 వేసవిలో నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరల్ని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచి వేలాడదీశారు. కలరాతో వేలమంది పోయినా కదలని డబ్బు, కంపు సభ్యుల ముక్కు దాకా వచ్చేసరికి కదిలింది. జోసెఫ్ బాజల్‌జెట్ అనే ఇంజనీరు 82 మైళ్ల పెద్ద ఇటుక కాలువలు కట్టించి, ఊరి మురుగు ఊరి దగ్గర నదిలో పడకుండా అడ్డుకుని తూర్పుకి మళ్లించాడు. వాలు మీద పారీ పారీ దక్షిణపు ఒడ్డు మురుగు క్రాస్‌నెస్ చేరేసరికి బాగా లోతుకి దిగిపోతుంది. దాన్ని పైకి తోడాలి, రిజర్వాయరులో నిలవ పెట్టాలి, పోటు తగ్గి ఆటు మొదలయ్యాక సముద్రం వైపు వదలాలి. ఆ తోడే పనికి నాలుగు ఇంజన్లు. 1865 ఏప్రిల్ 4న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చి ప్రారంభించాడు. వాటి పేర్లు విక్టోరియా, ప్రిన్స్ కన్సార్ట్, ఆల్బర్ట్ ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా. మురుగు తోడే యంత్రానికి రాణిగారి పేరు! మన దగ్గర ఏ మంత్రిగారి పేరైనా పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఈ సంగతి తెలియకుండా లోపలికి వెళ్తే రంగులేసిన పోత ఇనుప స్తంభాలూ, ఆకులూ పువ్వులూ చూసి, బాగుందని ఫొటో తీసుకుని వచ్చేస్తారు.

2. ఆవిరి మీద నడిపే రోజునే వెళ్లండి, అదీ పెందలాడే.

మన ఏతం లాంటిదే ఆ ఇంజను. మధ్యలో ఆనిన దూలానికి ఒక కొస ఆవిరి లాగుతుంది, రెండో కొస పని చేస్తుంది. కాకపోతే ఆ దూలం బరువు 47 టన్నులు, పక్కనున్న ఫ్లైవీల్ 52 టన్నులు. నిమిషానికి 11 చుట్లు, అంతే. ఒక్కో ఊపుకి ఆరు టన్నుల మురుగు లేచేదట.

జనం ఇంజను నడిచేటప్పుడు చూస్తారు. నేను నడవకముందు చూస్తాను. చల్లగా ఉన్న సిలిండరులోకి ఆవిరి వదిలితే అది గోడలకి తగిలి నీళ్లవుతుంది. నీళ్లు నలగవు. పిస్టన్‌కీ మూతకీ మధ్య చిక్కితే మూతే పగలాలి. అందుకని డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంచి, ఆవిరి కొద్దికొద్దిగా ఇస్తూ ఓపిగ్గా వేడి చేస్తారు. కాక్‌ల నుంచి ముందు నీళ్లు చిమ్ముతాయి, తర్వాత తుంపర, తర్వాత పొడి ఆవిరి. ఆ చప్పుడు మారడం విని కాక్ కట్టే మనిషి ఉంటాడు చూశారూ, ఆ చెవి ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. పిస్టన్ రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా పెట్టే గ్లాండ్ ప్యాకింగ్ ఎంత బిగించాలన్నదీ అంతే. ఎక్కువైతే రాడ్డు కాలుతుంది, తక్కువైతే ఆవిరి కారుతుంది. చెయ్యి చెప్పాలి. ఇంజను ఉండి ఆ చెయ్యి లేకపోతే మిగిలింది ఇనుమే.

3. పగలగొట్టడం దండగ అనుకున్నవే బతికాయి.

క్రాస్‌నెస్ ఇంజన్లు 1950ల్లో ఆగిపోయాయి. తుక్కుకి వచ్చే డబ్బు కంటే విప్పే ఖర్చు ఎక్కువని వదిలేశారు. ప్రేమతో కాదు, లెక్కతో. వాటి పొడుగాటి పొగగొట్టం మాత్రం పోయింది, ఇత్తడి, రాగి సామానంతా దొంగల పాలైంది. ఇదే లండన్‌లో యూస్టన్ స్టేషను ముందరి రాతి తోరణాన్ని, ఎందరు మొత్తుకున్నా, 1960ల మొదట్లో పడగొట్టారు. ఆ రాళ్లు చాలా వరకు కాలువలో గోతులు పూడ్చడానికి పోయాయి.

4. ఏ ఏటి రూపానికి తేవాలో ముందు తేల్చుకోండి.

కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. క్రాస్‌నెస్ ఇంజన్లు 1865లో పుట్టినా, ఆ శతాబ్దం చివర అదనపు సిలిండర్లు తగిలించి, ఆవిరిని మూడుసార్లు వాడుకునేలా మార్చారు. ‘అసలు రూపం’ కావాలని ఆ సిలిండర్లు పీకేస్తే? పనిచేసిన కాలంలో సగం చరిత్ర పోయినట్టే. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు పీకలేదు. పంపుల గోతుల్లో నింపిన ఇసుక తవ్విపోసి, ఏళ్ల తరబడి శుభ్రం చేసి, 2003లో ప్రిన్స్ కన్సార్ట్‌ని మళ్లీ ఆవిరి మీద తిప్పారు. దాని పక్కనే తుప్పు కప్పుకుని ఉన్నవాటినీ చూపిస్తారు. నాకు అదే ఎక్కువ నచ్చింది. తళతళలాడే ఒక్కదాన్నే చూస్తే, దాని వెనక ఎంత చాకిరీ ఉందో ఎవరికి అర్థమవుతుంది? తుప్పు కింద పాత రంగు పొర ఉండొచ్చు, ఫిట్టరు ఉలితో కొట్టిన గుర్తు ఉండొచ్చు. వైర్ బ్రష్ అందుకునే ముందు ఫొటో తీయండి, నంబరు రాసుకోండి.

5. భక్తి ముదరనివ్వకండి.

బాజల్‌జెట్ మహానుభావుడే. ఆయన కాలువలతో లండన్‌లో కలరా మాయమైంది. కానీ మురుగుని శుద్ధి చేయలేదు, దూరంగా పారబోశారు. 1878 సెప్టెంబరు 3 రాత్రి ప్రిన్సెస్ ఆలిస్ అనే విహారనౌక మరో ఓడ ఢీకొని మునిగింది, సరిగ్గా ఆ మురుగు వదిలే చోటికి దగ్గర్లోనే. 600 మందికి పైగా పోయారు, వాళ్లు పడింది అప్పుడే వదిలిన మురుగులో. మడ్డిని వేరుచేసి ఓడల్లో సముద్రానికి మోసే పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. ఇంజను చూపించే మనిషి ఈ కథ దాటేస్తే మీరే అడగండి. ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి దండ వేసే మనకీ ఇది వర్తిస్తుంది. ఆనకట్ట గురించి మాట్లాడేటప్పుడు రాళ్లు మోసిన కూలీల మాట కూడా రావాలి కదా.

6. డబ్బు కంటే ముందు కప్పు.

వాన లోపలికి రాకుండా చూసుకోండి. మిగతాది తర్వాత.

7. ఊళ్లో ఉన్నదాన్నీ చూడండి.

రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన మీద రాకపోకలు 1900లో మొదలయ్యాయి. అంటే అదీ విక్టోరియా కాలం సంతానమే. 1997 దాకా దాని మీద రైళ్లు నడిచాయి. పర్యాటక స్థలం చేస్తామన్న మాట చాలాసార్లు విన్నాం, చేస్తే సంతోషమే. దీపాలు పెట్టడం, రంగు వేయడం ఎప్పుడైనా చేయొచ్చు. ఆ గర్డర్ల మీద నడిచి రివెట్లని సుత్తితో కొట్టి చూసిన గ్యాంగ్‌మన్లు, ఇంజను తోలిన డ్రైవర్లు మాత్రం ముసలివాళ్లయిపోతున్నారు. వదులైన రివెట్టు మోత ఎలా ఉంటుంది, వరదప్పుడు స్తంభాల దగ్గర ఏం చూసేవారు, ఎండాకాలం ఇనుము సాగితే ఏం జరిగేది, ఇవన్నీ వాళ్ల నోట వినాలి. సాయంత్రం గోదావరి గట్టు మీదో, స్టేషను దగ్గర కాఫీ హోటల్లోనో అడిగితే ఎవరో ఒకరు వాళ్ల ఇల్లు చూపిస్తారు. ఫోన్లో రికార్డు చేయండి, కొడుకునో మనవణ్నో కూడా పక్కన కూర్చోబెట్టండి. పెద్దాయన మరిచిపోయిన పేర్లు వాళ్లు అందిస్తారు.