క్రేన్ పనికి వెళ్ళే మనవారి కోసం ఇంటివారు తెలుసుకోవలసినవి



మీలో చాలామంది ఈ పుస్తకాన్ని వార్డు బయట బెంచీ మీద కూర్చుని చదువుతూ ఉంటారు. మీ ఇంటి నుంచో, పక్కింటి నుంచో ఎవరో ఒకరు వలస పనికి పోయే ఉంటారు. ఒకప్పుడు పాలమూరు కూలీ అంటే పార, తట్ట. ఇప్పుడు మన మల్దకల్ చుట్టుపక్కల పిల్లలు హైడ్రా క్రేన్ దగ్గర, ఫోర్క్‌లిఫ్ట్ దగ్గర, కంటైనర్ల యార్డులలో హెల్పర్లుగా చేరుతున్నారు. అందుకే ఈసారి జ్వరాల గురించి కాక దీని గురించి రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం నేను రాత్రి డ్యూటీలో ఉండగా ముప్పై ఏళ్ళ తమ్ముణ్ణి తీసుకువచ్చారు. దూరాన ఒక రేవు పట్టణంలో పని. కంటైనర్ తలుపు తీయగానే లోపలి ఇనుప పైపుల కట్ట జారి తొడల మీద పడింది. క్రేన్ వచ్చి ఎత్తేసరికి రెండు గంటలు పట్టింది. ఎముక విరగలేదు, రక్తం కారలేదు. "ఏం కాలేదు, అదృష్టవంతుడివి" అని మేస్త్రీ రైలెక్కించాడు. మూడో రోజు మా దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు బిర్రుగా వాచిపోయి ఉన్నాయి. భార్య నన్ను పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, నిన్నటి నుంచి మూత్రం డికాషన్ లెక్క నల్లగా వస్తున్నది, అది కూడా రెండు చుక్కలే" అన్నది. ఆ ఒక్క మాటతో డాక్టరుగారికి సంగతి అర్థమైంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాము. చాలా రోజులు డయాలిసిస్ చేశాక మూత్రపిండాలు మళ్ళీ పనిచేశాయి. ఆమె సిగ్గుపడి చెప్పకపోయి ఉంటే మేము కాళ్ళ వాపుకే మందు ఇస్తూ ఉండేవాళ్ళమేమో!

పైకి దెబ్బ లేకపోయినా ఎందుకిలా?

కండ చాలాసేపు బరువు కింద నలిగితే చచ్చిపోతుంది. బరువు తీయగానే ఆ చచ్చిన కండలోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. అందులోని పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. కండకు ఎరుపు రంగునిచ్చే పదార్థం మూత్రపిండాలలో అడ్డుపడుతుంది. లండన్ మీద బాంబులు పడిన రోజుల్లో, కూలిన ఇళ్ళ కింద నుంచి బయటికి తీసినవారు ముందు బాగానే ఉండి, కొద్దిరోజులకు మూత్రం ఆగి చనిపోయేవారు. బైవాటర్స్ అనే డాక్టరు 1941లో ఆ సంగతిని గమనించి రాశారు. నేడు సెలైన్ త్వరగా ఎక్కిస్తే చాలామందిని కాపాడవచ్చు. త్వరగా అన్నదే ముఖ్యం.

బరువు ఎందుకు పడుతుంది?

2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. 2022 జూలైలో మనకు దగ్గరలోనే, కొల్లాపూర్ వద్ద పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో క్రేన్ తీగ తెగి ఐదుగురు కూలీలు పోయారు. ఎంత పెద్ద యంత్రమైనా పడదని నమ్మి దాని కింద నిలబడకూడదు.

నిండు బిందెను ఒంటికి ఆనించి పట్టుకోండి. తర్వాత చెయ్యి చాచి పట్టుకుని చూడండి. క్రేన్ సంగతీ అంతే. 14 టన్నుల హైడ్రా అంటే ఎక్కడైనా 14 టన్నులు ఎత్తుతుందని కాదు. బూమ్ చాచిన కొద్దీ దాని బలం తగ్గుతుంది. బరువుకు కట్టే బెల్టుల సంగతి కూడా చూడండి. రెండు బెల్టులు నిటారుగా ఉంటే చెరి సగం మోస్తాయి. అవి బాగా పక్కలకు పరచుకుని నేలకు 30 డిగ్రీల వాలుకు వచ్చాయంటే, టన్ను సరుకుకు ఒక్కొక్క బెల్టు మీదా టన్ను లాగుడు పడుతుంది. నిన్న తెగని బెల్టు ఈరోజు తెగేది ఇందుకే.

20 అడుగుల ఖాళీ కంటైనరే రెండు టన్నులకు పైన ఉంటుంది, సరుకుతో 30 టన్నుల దాకా పోవచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. అందుకే సరుకు నింపిన కంటైనర్‌ను తూకం రాసి ఇవ్వనిదే ఓడ ఎక్కించకూడదని 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయ నియమం పెట్టారు. తలుపు తీసేవాడు ఎదురుగా కాక పక్కకు నిలబడాలి, ఒక్క రెక్కనే మెల్లగా తీయాలి. పురుగు పట్టకుండా కొన్నిటిలో విషవాయువు నింపుతారు. తలుపు మీద పుర్రె బొమ్మ కాగితం ఉంటే, గాలి బాగా ఆడించి పరీక్షించేవరకు లోపల అడుగు పెట్టకూడదు. అందులో వాడే మిథైల్ బ్రోమైడ్‌కు వాసన ఉండదు.

తిమ్మప్ప జాతరకు ఇంటికి వచ్చినప్పుడు అడగండి

బరువు లేచేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడతావు? ఊగే సరుకును చేత్తో పడతావా, తాడు కట్టి దూరం నుంచి పడతావా? డ్రైవరుకు సైగ చేసేది ఒక్కరేనా, పదిమందా? కొక్కానికి మనుషుల్ని వేలాడదీసి ఎక్కిస్తారా? పైన కరెంటు తీగలు ఉన్నాయా? "ఏమో" అన్నాడంటే ఆ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదన్నమాట. క్రేన్లను, గొలుసులను ఏడాదికి ఒక్కసారైనా అర్హుడైనవాడు పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఆ కాగితం చూపించమని అడగడం తప్పు కాదు. పని పోతుందని భయపడతారు, నాకు తెలుసు. నలుగురు కలిసి అడిగితే అంత భయం ఉండదు.

ప్రమాదం జరిగితే

క్రేన్ కరెంటు తీగకు తగిలితే ఎవరూ దగ్గరికి పోవద్దు. కరెంటు ఆపేవరకు డ్రైవరు లోపలే ఉండాలి. మిగతా ప్రమాదాలలో ముందు 108కి ఫోన్ చేయండి. బరువు ఛాతీ మీదో మెడ మీదో ఉంటే ఆలస్యం చేయకుండా తీయాలి. కాలో చెయ్యో చాలాసేపటి నుంచి నలుగుతూ ఉంటే ఆ సంగతి ఫోన్లోనే చెప్పి, వారు చెప్పినట్టు చేయండి. బరువు ఎన్ని గంటలకు పడింది, ఎన్నింటికి తీశారు, ఈ రెండు సమయాలు రాసిపెట్టండి. మేము మొదట అడిగేది అదే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పైనుంచి పడినవారిని, వెన్ను నొప్పి అన్నవారిని ఆటోలో కూర్చోబెట్టి తేవద్దు. మెడ, నడుము వంగకుండా పడుకోబెట్టే తేవాలి.

గొలుసులో పడి వేలు తెగితే దాన్ని పారేయకండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐస్ మీద ఉంచి రోగితో పాటే తీసుకురండి. వేలును నేరుగా ఐస్‌లో వేస్తే అది మళ్ళీ అతకడానికి పనికిరాకుండా పోతుంది.