బ్రేకు తొక్కని బండికి బ్రేకు పరీక్ష

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మడిని పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేయడం నాకిష్టం లేకపోయింది. ఐటీఐలో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడులో నువ్వు చేరిన రోజునుంచీ నీకో ఉత్తరం రాయాలనే ఉంది. ఇప్పటికి కుదిరింది.

మీ నాన్న కరెంటు ట్యాక్సీకి వచ్చే నెలతో రెండేళ్లు నిండుతున్నాయి, ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. “ఇంజిను లేదు, సైలెన్సరు లేదు, పొగ లేదు. ఇంక బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు చూసేదేముంది, ఇట్టే పాసైపోద్ది” అని వాడు ధీమాగా ఉన్నాడన్నావు. “నిజమేనా పెదనాన్నా?” అన్నావు. సగం నిజం. రెండో సగం కోసమే ఈ కాగితం.

ముందు గడువుల సంగతి తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ ఉండాలి. కొత్త బండికి మొదట రెండేళ్లు ఇస్తారు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటేటా చేయించుకోవాలి. సొంత కారుకైతే పదిహేనేళ్లదాకా ఈ బాధ లేదు. రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు చూస్తారు, తర్వాత ఐదేళ్లకోసారి. ఆకుపచ్చ బోర్డు మీద పసుపు అక్షరాలున్న మీ నాన్న బండీ, తెల్ల అక్షరాలున్న పక్కింటివాళ్ల బండీ ఒకే కంపెనీవైనా పరీక్ష దగ్గర వేరు వేరు. కరెంటు బండ్లకి ప్రభుత్వం చాలా వెసులుబాట్లు ఇచ్చింది. 2018లో పర్మిట్ అక్కర్లేదంది, 2021లో ఆర్సీ ఫీజు తీసేసింది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ లేదు. ఫిట్‌నెస్‌ని మాత్రం వదల్లేదు. వదలకపోవడమే న్యాయమని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మన దగ్గర కరెంటు ట్యాక్సీలు కొత్తవి. ఎన్ని పాసయ్యాయో ఎన్ని తిరిగొచ్చాయో లెక్క తియ్యడానికి ఇంకా వయసు చాలదు. జర్మనీలో అలా కాదు. అక్కడ సొంత కారుకి కూడా మూడేళ్లకి మొదటి పరీక్ష, తర్వాత రెండేళ్లకోసారి. ట్యూఫ్ అనే తనిఖీ సంస్థలు ఆ ఫలితాలన్నీ పోగేసి ఏటా నివేదిక వేస్తాయి. 2026 నివేదికలో రెండు మూడేళ్ల వయసున్న కార్లలో పెద్ద లోపాలతో తిరిగొచ్చినవి సగటున 6.5 శాతం. అన్నిటికన్నా అడుగున నిలిచింది కరెంటు కారే, టెస్లా మోడల్ వై. నూటికి 17 పైచిలుకు ఫెయిలయ్యాయి. ఇది చదివి “చూశావా, కరెంటు కార్లింతే” అనేవాళ్లు ఉంటారు. వాళ్లని అదే నివేదికలో ఇంకో పేజీ తిప్పమను. మినీ కూపర్ ఎస్ఈ 3.5 శాతం, ఆడి క్యూ4 ఈ-ట్రాన్ 4 శాతం. ఇవీ కరెంటువే, సగటు కారుకన్నా నయంగా నిలిచాయి. అంటే పాసూ ఫెయిలూ తేల్చింది కరెంటు కాదు. టెస్లాలు ఎక్కడ పోయాయో చూడు: బ్రేకు డిస్కులు, ఇరుసు దగ్గరి సస్పెన్షన్ జాయింట్లు, హెడ్‌లైట్లు. మోటారు పాడై కాదు, బ్యాటరీ చెడీ కాదు. నేను ముప్పై ఏళ్లపాటు కార్ల కింద పడుకుని చూసిన భాగాలే ఇవన్నీ.

మన జనం మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుని బ్రేక్ ఇన్‌స్పెక్టరని ఎందుకంటారో ఎప్పుడైనా ఆలోచించావా? ఆయన చూసేవి చాలా ఉన్నాయి: హారను, వైపర్లు, అద్దాలు, స్టీరింగు, లైట్ల చూపు, టైర్లు, రిఫ్లెక్టర్లు. అయినా జనం పట్టుకున్నది బ్రేకుని. బండి నడవకపోతే నష్టం ఓనరు ఒక్కడిది, ఆగకపోతే ఎదురుగా వచ్చేవాడిది కూడా. ఆ పేరు పెట్టినవాళ్లకి ఆ తేడా తెలుసు.

ఇప్పుడు కరెంటు కారు బ్రేకు దగ్గరికి వస్తాను. నీ చదువులో దీన్ని రెండు లైన్లలో దాటేస్తారేమో, నువ్వు దాటకు. కాలు ఎత్తగానే మోటారు జనరేటరుగా మారి చక్రాల ఊపుని కరెంటు చేసి బ్యాటరీలోకి పంపుతుందని నీకు తెలుసు. రీజెన్ అంటారుగా. రావులపాలెం వంతెన దిగి సెంటర్లో ఆగాలంటే పాత బండిలో మూడుసార్లు బ్రేకు తొక్కేవాళ్లం. మీ నాన్న చివర్లో ఒక్కసారి తాకిస్తాడు, అదీ మెత్తగా. ప్యాడ్లు అరగవు. డబ్బు మిగులుతుంది. కానీ డిస్కు అనేది పోత ఇనుము. ఒక్క రాత్రి వాన తడిస్తే పొద్దున్నకి ఎర్రటి పొర కడుతుంది. రోజూ గట్టిగా బ్రేకు పడే బండిలో ప్యాడే ఆ తుప్పుని గీకేస్తుంది. బ్రేకు పడని బండిలో పొర మీద పొర పేరుకుని, చివరికి డిస్కుని తినేసి గుంటలు పెడుతుంది. పైగా మనది ఎలాంటి నేల? ఏడాదిలో సగం రోజులు గాలిలో చెమ్మ, అంతర్వేది వైపు వెళితే ఉప్పుగాలి. మీ నాన్న ట్యాక్సీ వారానికి రెండుసార్లు అంతర్వేది యాత్రికుల్ని దించుతుంది.

పోయిన వర్షాకాలం తర్వాత ఒకాయన ఎఫ్‌సీకి వెళ్లి తిరిగొచ్చిన కరెంటు కారుని నా దగ్గరికి తెచ్చాడు. అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. “ప్యాడ్లు చూడండి, కొత్తవాటిలా ఉన్నాయి, బ్రేకులో ఫెయిలెలా అవుతుంది?” అన్నాడు. వెనక చక్రాలు విప్పాను. ప్యాడ్లు నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమ డిస్కు మీద మాత్రం వేలెడు వెడల్పు పట్టీ ఒకటి మెరుస్తోంది, మిగతాదంతా కాఫీపొడి రంగు. క్యాలిపర్ జరగడానికి రెండు పిన్నులుంటాయే, వాటిలో కిందిది బిగుసుకుపోయింది. సుత్తితో తట్టి, నూనె పోసి, ఒక పూటంతా కూర్చుంటే వచ్చింది. కుడివైపు బాగానే పనిచేస్తోంది. అంటే కుడి చక్రం పట్టుకుంటుంది, ఎడమది పట్టుకోదు. వానలో గట్టిగా తొక్కితే బండి కుడివైపుకి లాగేస్తుంది. రోడ్డు మీద ఆయనకిది ఎప్పుడూ తెలియలేదు, ఎందుకంటే ఎప్పుడూ గట్టిగా తొక్కలేదు. ఇప్పుడు వస్తున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో చక్రాల్ని రోలర్ల మీద తిప్పి ఏ చక్రం ఎంత బలంగా ఆపుతోందో విడివిడిగా కొలుస్తారు. అక్కడ ఎడమకీ కుడికీ తేడా దాగదు.

ఈ తుప్పు బాధ తెలిసే ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఐడీ.3, ఐడీ.4 కార్లకి వెనక చక్రాలకి డిస్కులు మాని డ్రమ్ములు పెట్టారు. డ్రమ్ములో షూలు మూతలోపల ఉంటాయి, తడి అంత సులువుగా తగలదు. డ్రమ్ము అంటే పాతకాలపుదని నీ క్లాసులో ఎవరైనా చిన్నచూపు చూస్తే ఈ సంగతి చెప్పు.

దాగిన లోపం ఎలా బయటపడుతుందో మన కాలవల్ని చూస్తే తెలుస్తుంది. ఏటా వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేస్తారు కదా. నీళ్లు తీసేశాకే లాకుల తలుపులు, తూముల షట్టర్లు, గట్ల కింది గండ్లు బయటపడతాయి. నీళ్లున్నన్నాళ్లూ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఏడాదంతా కదపని షట్టరు చక్రం తిప్పడానికి ఇద్దరు మనుషులు వేలాడాలి, రోజూ తిప్పేదాన్ని ఒక్క చేత్తో తిప్పొచ్చు. ఈ డెల్టా నూట డెబ్బై ఏళ్లుగా పచ్చగా ఉందంటే కాటన్ దొర ఆనకట్ట ఒక్కటే కారణం కాదు. ఏటేటా నీళ్లాపి అడుగు చూసుకునే ఈ అలవాటు కూడా ఉంది.

బండికి ఆ అలవాటుని ఇన్నాళ్లూ ఇంజిన్ ఆయిలు తెచ్చిపెట్టింది. పదివేల కిలోమీటర్లకి ఆయిలు మార్చాలని ఓనరు షెడ్డుకి వచ్చేవాడు. ప్లగ్గు విప్పి నల్లటి ఆయిలు కారుతుంటే పది నిమిషాలు ఊరికే ఉండలేం కదా, టార్చి వేసి చూసేవాళ్లం. లోయర్ ఆర్మ్ బుష్ చీలిందా, టై రాడ్ ఎండ్ ఆడుతోందా, యాక్సిల్ బూటు చిరిగి గ్రీజు చిమ్ముతోందా, టైరు లోపలి అంచు తినేసిందా. ఓనరు అడగకుండానే దొరికేవి ఇవన్నీ. కరెంటు కారుకి ఇంజిన్ ఆయిల్ లేదు, ఓనరు రాడు, ఆ పది నిమిషాలు పోయాయి. జర్మనీ తనిఖీవాళ్లు టెస్లా గురించి చెప్పిన కారణాల్లో ఇదొకటి: పెట్రోలు కార్లలా నిర్ణీత సర్వీసు గడువు లేకపోవడంతో లోపాలు పరీక్ష రోజున గాని బయటపడటం లేదు. నీ తరం మెకానిక్‌కి ఇదే పెద్ద పని అనుకుంటాను. ఆయిలు సాకు లేకుండా బండిని లిఫ్టు మీదికి రప్పించాలి.

బరువు సంగతి కూడా గుర్తుంచుకో. మన వైపు ధాన్యం బస్తా 75 కేజీలు. మీ నాన్న కారు బ్యాటరీ మూడు నాలుగు బస్తాల బరువు. రాత్రీ పగలూ, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఆ బస్తాలు బండిలోంచి దిగవు. కాలవగట్టు రోడ్ల గోతుల్లో బుష్‌లూ బాల్ జాయింట్లూ ఆ భారాన్ని మోస్తూనే పడాలి. దానికితోడు కరెంటు మోటారు కాలు పెట్టగానే పూర్తి బలంతో లాగుతుంది, టైరు త్వరగా అరుగుతుంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. గాడి అడుగున గుర్తు దిమ్మలుంటాయి, టైరు వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే. మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూసి చవకది ఎక్కించకు, ఎంత బరువు మోయగలదో పక్కన అంకె ఉంటుంది, అది కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు.

పరీక్షలో చూసే లైట్లు, హారను, వైపర్లు నడిపేది పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ. దాన్ని అందరూ మరిచిపోతారు. ట్యాక్సీకి ఇన్సూరెన్సు, ఫాస్టాగ్ ఉన్నాయో లేదో పరీక్షకి ముందురోజే చూడమను.

ఇంకొకటి. ఎఫ్‌సీ పాసైన కాగితం చూపించి బ్యాటరీ భేషుగ్గా ఉందని ఎవరైనా బండి అమ్మజూపితే నమ్మవద్దని నీ స్నేహితులందరికీ చెప్పు. ఆ పరీక్ష చూసేది బండి రోడ్డు మీద క్షేమంగా తిరగగలదా లేదా అన్నది. బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో చెప్పాలంటే స్కానరు పెట్టి వేరే చూడాలి. లంక గ్రామాల వైపునుంచి వచ్చిన బండైతే వరదలో మునిగిందా అని తప్పక అడుగు. బ్యాటరీ పెట్టెలు సాధారణంగా మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగేలా కడతారు. గోదావరి వరద అరగంటలో తియ్యదు కదా. అలాంటి బండిలో నారింజ రంగు తీగలున్నచోట సరైన గ్లవ్స్ లేకుండా, మీ సారు పక్కన లేకుండా చెయ్యి పెట్టొద్దు. ఆ తీగల్లో ఉన్నది మూడు వందల వోల్టుల పైమాటే, అదీ డీసీ. ఇది పెదనాన్న మాట కాదు, ఆజ్ఞ.

మీ నాన్నకి ఈ రాత్రే ఒకటి చెప్పు. వారానికోసారి, వెనకా ముందూ ఎవరూ లేని తిన్నటి రోడ్డు చూసుకుని, రీజెన్‌ని సున్నాకి తగ్గించి, యాభై అరవై వేగం నుంచి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కమను. డిస్కు శుభ్రపడుతుంది. కారు కడిగిన వెంటనే తీసుకొచ్చి నీడన పెట్టెయ్యకుండా, ఒక చుట్టు తిరిగి బ్రేకులు ఆరాక పెట్టమను. బ్రేక్ ఆయిల్ పోసి రెండేళ్లవుతోంది, బండి ఎంత తక్కువ బ్రేకు తొక్కినా ఆ ఆయిల్ గాలిలోంచి నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలదాకా మరగదు, తడి పీల్చాక అది 155కి దిగినా ఆశ్చర్యం లేదు. అన్నవరం కొండ దిగేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. పరీక్షకి ముందే మార్చేద్దాం.

ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని ఇద్దరూ రండి. నాలుగు చక్రాలూ నువ్వే విప్పు, నేను పక్కన కూర్చుంటాను. వైరు బ్రష్, ట్రెడ్ గేజీ నా దగ్గరున్నాయి. నువ్వు వచ్చేటప్పుడు క్యాలిపర్ పిన్నులకి సిలికాన్ బ్రేక్ గ్రీజు ఒక ట్యూబు తీసుకురా. మామూలు గ్రీజు ఇస్తే వద్దను, అది తగిలితే పిన్ను రబ్బర్లు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న