ఫిలిప్పీన్ కర్రసాము – సాధనముల ఎంపిక

ఫిలిప్పీన్ దీవుల కర్రసామును ఆర్నిస్ అనియు, ఎస్క్రిమా అనియు వ్యవహరింతురు. 2009లో ఆ దేశము దీనిని చట్టరీత్యా తన జాతీయ యుద్ధకళగా, క్రీడగా ప్రకటించినది. మన సాములోని నిలువెత్తు కర్రకు బదులు అక్కడ సుమారు 28 అంగుళాల కర్రను ఒంటిచేత తిప్పుదురు. 'సినవాలి' అను అభ్యాసములో చేతికొకటి.

విద్యార్థి మొదట కొనవలసినది పేముబెత్తము. అది తేలిక, అయితే దాని అసలు గుణము అది పాడగు తీరులో ఉన్నది. గట్టికర్రవలె విరిగి పదునైన పేళ్ళుగా ఎగరక, దెబ్బలు తిన్నకొద్దీ పీచుపీచుగా విడిపోవును. అందుచేత ఎదుటివాని కంటికి ముప్పు తక్కువ. పీచు లేచినచోట టేపు చుట్టి మరికొంతకాలము వాడుకొనవచ్చును. కమగాంగ్ అను నల్లని చేవకర్ర చూడముచ్చటైనదే, కాని ఎముకలు విరుగగొట్టగలదు. దానిని ఒంటరి సాధనకే ఉంచుకొనవలెనని మా అభిప్రాయము.

ఆయుధము పట్టిన చేతినే కొట్టుట ఈ విద్యలో ముఖ్యసూత్రము. దానిని పాము కోరలు పెరుకుటతో పోల్చుదురు. కనుక తోటివానితో తలపడునాడు జాలీ గల శిరస్త్రాణము, మందపు చేతితొడుగులు తప్పనిసరి. అవి కొనుటకు డబ్బు చాలని విద్యార్థి అంతవరకు స్పాంజి చుట్టిన కర్రతో, తలకు గురిపెట్టక, మెల్లగా సాధన చేయవచ్చును.