నాలుగు చక్రాలూ తిరిగితే చాలదు: మంచుదారిలో గొలుసుల పాఠం

మన విజయనగరంలో మంచు అంటే పుష్యమాసం పొద్దున్న ఎదురుగా వచ్చే ఆటో కనపడకపోవడం. అంతకు మించి మనకి తెలీదు. అలాంటప్పుడు మంచులో ట్రక్కు చక్రాలకి గొలుసులు ఎలా కట్టాలో మనకెందుకు అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

ఒకటి, మన రెండు జిల్లాల్లోనూ మిలటరీకి మనుషుల్ని పంపిన ఊళ్ళు చాలా ఉన్నాయి. అలా వెళ్ళినవాళ్ళలో లడఖ్‌లోనో, తవాంగ్ దారిలోనో బండి తోలేవాళ్ళూ ఉంటారు. మా మావయ్య అలాంటి డ్రైవరే, ఇప్పుడు రిటైరయ్యి పొలం చూసుకుంటున్నాడు. రెండోది, మన సీనియర్ల బ్యాచ్ ఒకటి జనవరిలో మనాలీ వెళ్ళి ఫోర్ వీల్ డ్రైవ్ బండి అద్దెకి తీసుకుందామనుకుంటోంది. "ఫోర్ బై ఫోర్ ఉండగా గొలుసులెందుకు, దండగ" అన్న మాట మెస్‌లో నా చెవిన పడింది. ఆ మాట మీదే ఈ వ్యాసం.

మావయ్యకి ఈ సంగతి చెప్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఫోర్ వీలు ఎక్కడానికిరా గుంటడా, ఆగడానికి కాదు." నాలుగు చక్రాల బండి ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ ఓడుతుందో ఆ మాటలో ఉంది. దాన్నే మనకి అలవాటైన లెక్కలో చూద్దాం.

ఎక్కేటప్పుడు లెక్క

పొడి తారురోడ్డు మీద టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.7 అనుకుందాం. బళ్ళు తొక్కితొక్కి గట్టిపడిన మంచు మీద అది 0.2 దగ్గరికి పడిపోతుంది. గాజులా మెరిసే గడ్డ మీద 0.1 ఉంటే గొప్ప. ఇవన్నీ సుమారు అంకెలే. ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఉంటే గడ్డ పైన సన్నటి నీటిపొర చేరి ఇంకా జారుతుంది. బాగా మైనస్‌లోకి వెళ్తే జారుడు కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు 8 డిగ్రీల వాలున్న మలుపు ఒకటి ఊహించండి. అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 14 మీటర్లు పైకి లేచే దారి. ఎక్కాలంటే కనీసం 0.14 పట్టు కావాలి. వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండిలో సగం బరువే వాటి మీద ఉందనుకుంటే, గట్టిమంచు మీద దొరికేది 0.2లో సగం, అంటే 0.1. చాలదు. చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందితే మొత్తం బరువూ పనికొస్తుంది. పట్టు 0.2 దొరుకుతుంది. బండి ఎక్కేస్తుంది. ఇక్కడిదాకా సీనియర్లు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం.

దిగేటప్పుడు లెక్క

కానీ బ్రేకు ఏ బండిలోనైనా నాలుగు చక్రాలకీ పడుతుంది. మారుతీ 800 అయినా, ఆర్మీ వాళ్ళ స్టాలియన్ ట్రక్కయినా అంతే. అంటే ఆగే దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్‌కి దక్కే అదనపు లాభం ఏమీ లేదు.

అదే వాలులో గంటకి 30 కిలోమీటర్ల వేగంతో దిగుతూ బ్రేకు తొక్కారనుకోండి. పొడి రోడ్డు మీద సుమారు 6 మీటర్లలో ఆగుతారు. గట్టిమంచు మీద 60 మీటర్లు పడుతుంది. గొలుసులు కట్టి పట్టు 0.35కి తెచ్చుకోగలిగితే 17 మీటర్లు. గాజుగడ్డ మీద పట్టు 0.1, వాలు అడిగేది 0.14. ఇక్కడ దూరం లెక్కే రాదు, ఎందుకంటే బండి ఆగదు. బ్రేకు తొక్కిన కొద్దీ వేగం పెరుగుతుంది. కావాలంటే ఫస్టియర్ మెకానిక్స్ పుస్తకం తీసి మీరే వేసి చూసుకోండి. డ్రైవరు తేరుకునేలోపు గడిచే ఒక్క సెకనుకి ఇంకో 8 మీటర్లు కలపడం మర్చిపోవద్దు.

అసలు ప్రమాదం ఎక్కడుందో ఇప్పుడు అర్థమవుతుంది. మామూలు బండి మొదటి మలుపులోనే జారి, "ఇక చాలు, వెనక్కి పద" అని చెప్పేస్తుంది. ఫోర్ వీల్ బండి ఆ మాట చెప్పదు. దిగలేని చోటికి కూడా హాయిగా ఎక్కించేస్తుంది.

గొలుసు ఏం చేస్తుంది?

వానాకాలంలో మన పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరుని చూసే ఉంటారు. రబ్బరు టైరు బురదలో జారిపోతుందని ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు. ఆ పట్టీలు బురదలోకి దిగి, మట్టిని వెనక్కి నెట్టి, బండిని ముందుకి పంపుతాయి. చక్రం మీద అడ్డంగా పడే గొలుసులు మంచులో చేసే పనీ ఇదే. వదులు మంచులో తెడ్డులా తోస్తాయి. గట్టి గడ్డ మీద బండి బరువంతా సన్నటి ఇనుప లంకెల మీద పడి, అవి గడ్డలోకి కొరుకుతాయి. టైరు గాళ్ళలో ఇరుక్కున్న మంచుని కూడా కదిలించి రాలగొడతాయి.

కేజ్ వీల్స్‌తో తారురోడ్డెక్కితే రోడ్డు పాడవుతుందని మన దగ్గర అధికారులు హెచ్చరిస్తుంటారు కదా. గొలుసులకీ అదే నియమం. మంచు అయిపోగానే విప్పెయ్యాలి. లేకపోతే రోడ్డూ పోతుంది, గొలుసూ తెగుతుంది. తెగిన ముక్క బ్రేకు పైపుని కొట్టిందంటే కథ మొదటికొస్తుంది.

ఈ ఆలోచన పాతదే. న్యూయార్క్ రాష్ట్రంలో కానస్టోటా ఊరికి చెందిన హ్యారీ వీడ్‌కి 1904లో దీని మీద పేటెంటు వచ్చింది. బురదలో, మంచులో జారకుండా డ్రైవర్లు టైర్లకి తాళ్ళు చుట్టడం చూసి ఆయనకీ ఊహ తట్టిందని చెప్తారు.

కట్టే పద్ధతి

మావయ్య దగ్గర గొలుసులు లేవు. పశువుల పలుపుతాళ్ళని నిచ్చెనలా ముడేసి, ట్రాక్టరు చక్రం మీద పరిచి నాకు నేర్పించాడు. ఆయన చెప్పిన వరస ఇది:

1. మంచు మొదలవ్వక ముందే, చదునైన చోట, రోడ్డు పక్కకి ఆపాలి. ఇరుక్కున్నాక కట్టడం నరకం. హ్యాండ్ బ్రేకు వేసి, కట్టని చక్రాలకి రాళ్ళు పెట్టాలి.
2. గొలుసుని నేల మీద పరిచి మెలికలు తియ్యాలి. కొక్కేల కొసలు బయటివైపుకి ఉండాలి, టైరుకి ఆనకూడదు.
3. చక్రం మీద కప్పి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది తగిలించాలి. అవసరమైతే బండిని ఒక అడుగు కదిపి మిగిలింది బిగించాలి.
4. ఓ 100 మీటర్లు నెమ్మదిగా పోనిచ్చి, ఆగి, మళ్ళీ బిగించాలి. ఈ పని ఎవరూ చెయ్యరు, అందుకే గొలుసులు ఊడిపోతాయి.
5. గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. "మైనస్సులో ఉత్త చేత్తో ఇనుము పట్టుకుంటే తోలు ఊడొస్తాది" అన్నాడు.

సైజు టైరు మీద రాసున్న అంకెలకి సరిపోవాలి. నాలుగు చక్రాలకీ కట్టడం అన్నిటికన్నా మేలు. ఒక్క జతే ఉంటే ముందా, వెనకా? వెనక మాత్రమే కడితే దిగుడులో స్టీరింగు మాట వినదు. ముందు మాత్రమే కడితే బ్రేకు పడగానే వెనక భాగం పక్కకి తిరగొచ్చు. కాబట్టి ఆ బండి మాన్యువల్ ఏం చెప్తే అదే. కొన్ని బళ్ళలో ఒక ఇరుసుకే గొలుసు పట్టేంత ఖాళీ ఉంటుంది. కట్టాక వేగం 40 దాటకపోవడం మంచిది.

దిగుడులో లో గేరు వేసి, ఇంజను మీదే బండిని పట్టాలి. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో దిగే లారీ డ్రైవర్లు చేసేది ఇదే. మంచులో తేడా అల్లా, తప్పు చేస్తే సర్దుకునే జాగా ఉండదు.

నియమాలు ఏమంటాయి?

అమెరికాలో ఉన్న మన సీనియర్లు లేక్ తాహో వెళ్ళే దారిలో ఈ పాఠం బోర్డుల మీద చదువుతారు. కాలిఫోర్నియాలో మూడు మెట్లున్నాయి. రెండో మెట్టులో, నాలుగు చక్రాలకీ మంచు టైర్లున్న ఫోర్ వీల్ బండికి గొలుసు కట్టక్కర్లేదు, కానీ బండిలో ఉండి తీరాలి. మూడో మెట్టులో మినహాయింపు ఎవరికీ లేదు, ఫోర్ వీల్‌కి కూడా. మన దేశంలో జోజిలా దారిలో మంచు పడితే ట్రాఫిక్ పోలీసులు గొలుసులు తప్పనిసరి చేస్తుంటారు. మనాలీ నుంచి అటల్ టన్నెల్ వైపు మంచు పడ్డ రోజుల్లో ఫోర్ బై ఫోర్‌లనీ, గొలుసులున్న బళ్ళనీ మాత్రమే వదలడం మామూలే. అక్కడ ఫోర్ బై ఫోర్‌ని వదిలారంటే ఎక్కగలదని అర్థం. దిగుడులో ఆగుతుందని హామీ కాదు.

కాబట్టి మనాలీ బ్యాచ్‌కి నా మనవి. బండి అద్దెకి మాట్లాడేటప్పుడు ముందు మ్యూజిక్ సిస్టమ్ గురించి కాదు, గొలుసుల గురించి అడగండి. ఆ టైరు సైజువేనా, ఏ చక్రాలకి కట్టాలి, అని నిలదియ్యండి. మంచులేని చోటే ఒకసారి కట్టి, విప్పి చూడండి. బయల్దేరే ముందు ఆదివారం మా ఇంటికొస్తే మావయ్య పలుపుతాళ్ళతో నేర్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ఫీజు లేదు. అయితే చక్రం కింద బురదలో కూర్చోవాల్సి ఉంటుంది, పాత బట్టలు తెచ్చుకోండి.