దూరపాలన – ద్వారరక్షణ

రాజు కోటలో ఉండి రాజ్యమంతటినీ పాలించాలంటే రెండు కావాలి. నలుమూలల స్థితిగతులు ఎప్పటికప్పుడు తనకు తెలియాలి. తన ఆజ్ఞ చిట్టచివరి గ్రామం వరకు చేరాలి. నేటి కంప్యూటర్ నిర్వాహకునికీ ఈ రెండే అవసరం. రైలు టికెట్లు, బ్యాంకు లావాదేవీలు, పరీక్షా ఫలితాలు మొదలైన సేవలందించే ప్రోగ్రాములకు ఆశ్రయమిచ్చే సాఫ్ట్‌వేర్‌ను అప్లికేషన్ సర్వర్ అంటారు. జావా ప్రోగ్రాములకు నెలవైన ఇటువంటి సర్వర్లు ఎక్కడో దూరాన ఉన్న యంత్రాలలో రేయింబవళ్ళు పనిచేస్తుంటాయి. నిర్వాహకుడు తన గది నుండే వాటిని పరికించి నడిపించడానికి ఉపకరించేదే నిర్వహణ కన్సోల్.

దీని నిర్మాణానికి ముఖ్యాధారం జె.ఎం.ఎక్స్. అనే ప్రమాణం. 2004లో వెలువడిన జావా 5లో ఇది అంతర్భాగమైంది. ఈ పద్ధతిలో సర్వర్‌లోని ముఖ్య విభాగాలకు ఎంబీన్ అనే ప్రతినిధులు ఉంటాయి. మెమరీ ఎంత ఖర్చయింది, ఎన్ని థ్రెడ్లు నడుస్తున్నాయి, డేటాబేస్ కనెక్షన్లు ఎన్ని మిగిలాయి అన్న ప్రశ్నలకు అవి సమాధానమిస్తాయి. ప్రోగ్రామును ఆపడం, తిరిగి ప్రారంభించడం, కొత్తదానిని చేర్చడం వంటి ఆజ్ఞలను శిరసావహిస్తాయి. అయితే ఆజ్ఞాపించినది యజమానియా, శత్రువా అని అవి తమంతట తాము విచారింపవు. అందుచేత కన్సోల్‌ను రూపొందించేవారు ఏమేమి చూపాలని యోచించడానికి ముందే, ఎవరిని లోనికి రానివ్వాలో నిశ్చయించుకోవాలి.

జేబాస్ అనే ప్రసిద్ధ సర్వర్ ఉదంతం ఇందుకు నిదర్శనం. సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలలో గెట్, పోస్ట్, హెడ్ మొదలైన విధాలున్నాయి. ఆ కన్సోల్‌లో పాస్‌వర్డ్ అడిగే నియమం గెట్, పోస్ట్ అనే రెండింటిని మాత్రమే పేర్కొంది. కనుక హెడ్ రూపంలో వచ్చిన ఆజ్ఞను అడ్డగించేవారు లేకపోయారు. 2010లో ఈ లోపం వెల్లడై, సవరణ వెలువడింది. ఆ సవరణ చేసుకోని సర్వర్లలోకి 2011లో ఒక వర్మ్ చొరబడి, ఒకదాని నుండి మరొకదానికి వ్యాపించింది.

ఇది చదివినప్పుడు పోతన భాగవతంలోని హిరణ్యకశిపుడు గుర్తుకు రాకమానడు. పగలు, రాత్రి, మనుష్యులు, మృగాలు అంటూ అతడు మృత్యుద్వారాలను ఒక్కొక్కటిగా మూసుకున్నాడు. ఆ పట్టికలో చేరని సంధ్యాసమయంలో, ఆ పట్టికలో చేరని నరసింహరూపంలో మృత్యువు వచ్చింది. నిషేధాల పట్టిక ఎంత దీర్ఘమైనా, మరచిన ఒక్క ద్వారం చాలు.

కనుక మొదట అన్ని ద్వారాలనూ మూసి, అవసరమైనదానినే తెరవాలి. చూసే అధికారాన్నీ, ఆజ్ఞాపించే అధికారాన్నీ వేరుచేయాలి. మార్గమధ్యంలో ఇతరులకు బోధపడకుండా సందేశాలను గూఢలిపిలో పంపాలి. ఏ ఆజ్ఞ ఎవరు, ఎప్పుడు ఇచ్చారో నమోదు చేయాలి. దూరం నుండి పాలించే సౌకర్యం యజమానికి ఎంత సులభమో, ద్వారరక్షణ లేనినాడు శత్రువుకూ అంతే సులభం.

ఆలోచించి రాయండి

1. ఎంబీన్ల విధులను వివరించండి.
2. హిరణ్యకశిపుని వరానికీ, జేబాస్ కన్సోల్ లోపానికీ గల సామ్యాన్ని తెలపండి.