ఖాళీ సిరాడబ్బా

గంజాం జిల్లాకు దక్షిణాన, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో పాత్రపూర్ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. సరిహద్దు గీత మారింది కాని, ఇక్కడి చాలా ఇళ్ళలో మాట్లాడే తెలుగు మారలేదు. ఇలాంటి చోట తెలుగు బడిలో పాఠం చెప్పే మాస్టారికి ఒక చిక్కు ఉంటుంది. ఒడియాలో అభ్యాసపత్రాలు కావాలంటే దగ్గరి అంగడిలో అడగవచ్చు. తెలుగులో కావాలంటే ఇచ్ఛాపురం వైపు వెళ్ళాలి. లేకపోతే తానే రాసి అచ్చు తీసుకోవాలి. అలాంటి మాస్టారు ఒకరు ఇంట్లో చిన్న ప్రింటరు పెట్టుకున్నారనుకుందాం.

మర్నాటి పరీక్షకు ముప్పయి ప్రతులు కావాలి. రాత్రి కూర్చుని అచ్చు తీస్తున్నారు. పదిహేనో కాగితం దగ్గర వరుసల మధ్య తెల్లని చారలు పడ్డాయి. ఒక చార సరిగ్గా వత్తు ఉండే చోటనే పడింది. ‘మొక్కలు’ కాస్తా ‘మొకలు’ అయింది. తెలుగు అక్షరానికి తల మీద గుడి, కింద వత్తు ఉంటాయి. సన్నని చార ఒకటి పోయినా మాట మారిపోతుంది. తప్పు రాసిన పిల్లవాణ్ణి కోప్పడవచ్చు. తప్పు అచ్చయిన కాగితాన్ని పిల్లవాడి చేతికి ఇచ్చి ఏమని కోప్పడడం?

సిరా అయిపోవచ్చిందని తెలుస్తూనే ఉంది. బరంపురంలో కొత్త కార్ట్రిజి, అంటే సిరాడబ్బా, ధర అడిగితే ఇంకొంత వేసుకుంటే ప్రింటరే వస్తుంది కదా అనిపిస్తుంది. అయితే అయిపోయింది సిరా మాత్రమే. డబ్బా చెడిపోలేదు. చెడిపోని డబ్బాను పారవేయడం ఎందుకు?

మన పెద్దలకు ఈ ప్రశ్న వచ్చేదే కాదు. సిరా అయిపోయిందని కలాన్ని పారవేసినవారు ఎవరూ లేరు. కరక్కాయ పెచ్చులను నీళ్ళలో మరగించి, వడగట్టి, అన్నభేది కలిపితే నల్లని సిరా తయారయ్యేది. కరక్కాయకు వగరు ఇచ్చే టానిన్ అనే పదార్థం అన్నభేదిలోని ఇనుముతో కలిసి నలుపెక్కుతుంది. కాస్త తుమ్మబంక వేస్తే కాగితాన్ని పట్టుకొని ఉంటుంది. తరువాత సిరా బిళ్ళలు వచ్చాయి. బుడ్డిలో నీళ్ళు పోసి బిళ్ళ వేస్తే చాలు. రాజమండ్రిలో కె.వి. రత్నం తయారుచేసిన స్వదేశీ కలాన్ని అందుకొని గాంధీజీ 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ కలాల్లోనూ సిరాను ఫిల్లరుతో పోసుకోవలసిందే. కాలర్లకు, చేతివేళ్ళకు నీలి మరకలు లేని బడిపిల్లలు ఆ రోజుల్లో అరుదు.

అంతకు ముందరి తాళపత్రాల పద్ధతి మరీ విచిత్రమైనది. అందులో సిరాతో రాయరు. గంటంతో ఆకు మీద గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగా కనిపించదు. దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో కలిపి ఆకంతా రుద్ది, గుడ్డతో తుడిచివేస్తారు. పైన ఉన్న మసి పోతుంది, గీతల్లో దిగిన మసి నిలుస్తుంది. అప్పుడు అక్షరం బయటపడుతుంది. పూరీ జిల్లా రఘురాజపురంలో చిత్రకారులు తాటాకు బొమ్మలను నేటికీ ఈ విధంగానే వేస్తున్నారు. నేటి ప్రింటర్ల నల్లసిరాలు కొన్నిటిలో రంగునిచ్చేది కూడా మసి జాతి పదార్థమైన కర్బనపు పొడే. మసి పాతదే, దాన్ని కాగితం మీదికి చేర్చే దారి కొత్తది.

ఆ దారి దొరికిన తీరు వినదగినది. 1977లో జపానులోని కేనన్ కంపెనీ పరిశోధనశాలలో ఇచిరో ఎండో అనే ఇంజనీరు పని చేస్తున్నారు. టంకం పెట్టే వేడి కడ్డీ ఒకటి, సిరా నింపిన సిరంజి సూదికి పొరపాటున తగిలింది. వెంటనే సూదిమొన నుండి సిరా చివ్వున చిమ్మింది. వేడికి సూదిలో బుడగ పుట్టి సిరాను ముందుకు నెట్టిందని వారు గ్రహించారు. ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలోని హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీవారు కూడా ఇదే ఉపాయాన్ని కనుగొని, 1984లో థింక్‌జెట్ అనే ప్రింటరును అమ్మకానికి తెచ్చారు.

ఇప్పుడు డబ్బాను చేతిలోకి తీసుకొని చూద్దాం. లోపల సిరాను పీల్చుకున్న స్పాంజి ఉంటుంది. అడుగున వెంట్రుక కంటె సన్నని రంధ్రాలు వరుసలుగా ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం వెనుక అతి చిన్న విద్యుత్ పొయ్యి ఉంటుంది. సెకనులో పదిలక్షల వంతులు కొన్నిటిలోనే అది దాదాపు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కుతుంది. దానికి తాకిన పలుచని సిరాపొర బుడగ అవుతుంది. బుడగ ఒక చుక్కను బయటికి నెట్టి తాను అణగిపోతుంది. ఖాళీ అయిన చోటికి స్పాంజిలోని సిరా మళ్ళీ దిగుతుంది. అడుగున అన్ని రంధ్రాలున్నా సిరా ఊరికే కారిపోదు. తడిగుడ్డ నీటిని పట్టుకొన్నట్లు స్పాంజి దాన్ని పట్టుకొని ఉంటుంది.

ఈ నాలుగు మాటలు తెలిస్తే డబ్బాను ఎలా నింపాలో సగం తెలిసినట్లే. పొయ్యిని చల్లబరచేది సిరాయే. కాబట్టి సిరా లేకుండా అచ్చు తీస్తూ పోతే ఖాళీ గిన్నె మాడినట్లు పొయ్యి మాడిపోతుంది. ఆ తరువాత ఎంత మంచి సిరా పోసినా లాభం లేదు. పైగా గంజాం ఎండల్లో ఖాళీ డబ్బాను నాలుగు వారాలు మూల పడేస్తే మిగిలిన సిరా రంధ్రాల్లో గట్టిపడుతుంది. చాలామంది డబ్బాలు పనికిరాకుండా పోయేది నింపడం రాక కాదు, ఆలస్యంగా నింపడం వల్ల. మన మాస్టారు పదిహేనో కాగితం దగ్గరే ఆపడం మంచిదయింది.

నింపడానికి మందుల దుకాణంలో దొరికే సిరంజి, ఆ ప్రింటరుకు తగిన సిరాసీసా, పాత పేపర్లు, మెత్తని గుడ్డ ఉంటే చాలు. డబ్బా పైనున్న కాగితపు బిళ్ళను మెల్లగా లేపితే చిన్న చిల్లులు కనిపిస్తాయి. నల్లడబ్బాకు నింపే చిల్లు ఒకటి. రంగులడబ్బాలో నీలి, గులాబి, పసుపు అని మూడు గదులుంటాయి. ఏ చిల్లు ఏ రంగుదో ఊహించరాదు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కొత్త చీపురుపుల్లను కొద్దిగా దించి, చివర అంటిన రంగును చూసి తెలుసుకోవాలి. పసుపులో చుక్క నీలి పడితే పొద్దుతిరుగుడు పువ్వు ఆకుపచ్చగా వస్తుంది.

సూదిని స్పాంజిలోకి నెమ్మదిగా దించి, సిరాను చుక్కచుక్కగా పోయాలి. తొందరపడితే స్పాంజిలో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి ఉన్న చోటికి సిరా చేరదు. చిన్న నల్లడబ్బాల్లో సాధారణంగా పట్టేది నాలుగైదు మిల్లీలీటర్లే. చిల్లు దగ్గర సిరా పైకి ఊరగానే ఆపి, కొంచెం వెనక్కు లాగాలి. నిండుకుండ తొణకదనే సామెత ఇక్కడ పనికిరాదు. నిండా పోసిన డబ్బా అడుగు నుండి కారి, ప్రింటరు లోపలంతా పాడుచేస్తుంది.

చిల్లులను గట్టిగా మూసివేయడం మరొక పొరపాటు. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు. గాలి లోపలికి పోవడానికి రెండో చిల్లు కావాలి. సిరాడబ్బా కూడా అంతే. పాత బిళ్ళనే తేలికగా అతికించాలి. డబ్బాకు ఒకవైపు బంగారు రంగులో మెరిసే చుక్కలుంటాయి. విద్యుత్తు వచ్చేది వాటి గుండానే. వాటిని వేలితో తాకకూడదు. సిరా అంటితే పొడి గుడ్డతో అద్దాలి. చివరగా, గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డ మీద రంధ్రాలను ఒక నిమిషం ఆనించి ఉంచితే, సిరా చక్కని గీతగా గుడ్డకు అంటుతుంది. గీతలో ఖాళీ కనిపిస్తే మళ్ళీ ఆనించాలి. గీకడం, సూదితో పొడవడం చేయరాదు.

అన్ని ప్రింటర్లూ ఇలాంటివి కావు. ఎప్సన్ ప్రింటర్లలో వేడి ఉండదు. విద్యుత్తు తగలగానే వంగే స్ఫటికం సిరాను నెడుతుంది. రంధ్రాల తల కూడా డబ్బాలో కాక ప్రింటరులోనే ఉంటుంది. లేజర్ ప్రింటర్లలో సిరాయే లేదు, టోనరు అనే సన్నని పొడి ఉంటుంది. దాన్ని పిల్లలు ఇంట్లో నింపకూడదు, ఊపిరిలోకి పోతుంది. చేతికి అంటితే చన్నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళకు అది కరిగి అంటుకుంటుంది.

కొన్ని డబ్బాలకు చిప్ అనే చిన్న లెక్కలగుమాస్తా కూడా ఉంటుంది. లోపల ఎంత సిరా ఉందో అది తొంగి చూడదు. ఎన్ని చుక్కలు ఖర్చయ్యాయో అంచనా కడుతుంది. అందుకే నిండుగా నింపినా ‘ఖాళీ’ అంటూనే ఉంటుంది. కొన్ని ప్రింటర్లు ఆ మాటను పట్టించుకోకుండా అచ్చు తీస్తాయి. కొన్ని మొండికేస్తాయి. ప్రింటరును చవకగా అమ్మి సిరాలో లాభం తీసుకొనే వ్యాపారంలో ఇది వింత కాదు. కాని అది గుమాస్తా పని కంటె కావలి పనిలా ఉందని అనక తప్పదు.

కొన్నవారు ఊరుకోలేదు. ఇండొనేసియా మొదలైన దేశాల్లో ప్రజలు ప్రింటరు పక్కన సీసాలు పెట్టి, సన్నని గొట్టాలతో సిరాను లోపలికి పంపుకొన్నారు. అది చూసి ఎప్సన్ కంపెనీయే 2010లో ఇండొనేసియాలో, పెద్ద సిరాతొట్టెతో సీసాల నుండి నింపుకొనే ప్రింటరును తెచ్చింది. ఆ తరహా ప్రింటర్లు తరువాత మన దేశానికీ వచ్చాయి. ఈ ప్రింటరు ధర ఎక్కువ, పేజీ ఖర్చు తక్కువ.

అమెరికాలో ఈ తగవు న్యాయస్థానానికి ఎక్కింది. లెక్స్‌మార్క్ కంపెనీ టోనరు డబ్బాలను తగ్గింపు ధరకు అమ్మి, ఖాళీ అయ్యాక తనకే ఇవ్వాలని షరతు పెట్టింది. ఇంప్రెషన్ ప్రోడక్ట్స్ అనే చిన్న సంస్థ ఆ ఖాళీ డబ్బాలను కొని, నింపి అమ్మింది. ఒకసారి అమ్మిన వస్తువు మీద పేటెంటు హక్కు అమ్మకంతోనే తీరిపోతుందని 2017 మే 30న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత కార్లను బాగుచేసి అమ్మే దుకాణాన్ని న్యాయమూర్తి ఉదాహరణగా చూపారు. విడిభాగాలు చేసిన ప్రతి కంపెనీ ఆ దుకాణం మీద దావా వేయగలిగితే వ్యాపారం సాగేదెలా?

ఇక సిరా ఎంపిక మాట. ప్రింటరు సిరాలు రెండు జాతులు. రంగు నీటిలో పూర్తిగా కరిగినది ఒకటి, సన్నని రంగుపొడి తేలుతున్నది మరొకటి. ఈ రెండింటినీ కలిపితే విరిగి రంధ్రాలకు అడ్డుపడతాయి. కలంసిరాను అసలే పోయకూడదు. కరిగే సిరాతో అచ్చయిన కాగితం తడిస్తే అక్షరాలు కరిగి పారతాయి, పొడిసిరా అక్షరాలు చాలావరకు నిలుస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి వానలు చూసిన జిల్లాలో ఈ తేడా చిన్నది కాదు. పరీక్షకాగితం తడిస్తే మరొకటి తీయవచ్చు. ధ్రువపత్రం తడిస్తే కచేరీ చుట్టూ తిరగాలి. అందుకని మాస్టారు మిగిలిన ప్రతులు తీసిన తరువాత, డబ్బా బిళ్ళ మీద ఏ జాతి సిరా పోసినదీ, ఏ తేదీన పోసినదీ పెన్సిలుతో రాసిపెట్టుకున్నారు.